కిమ్చి ఫ్రిజ్‌లో బ్యాటరీ

కొరియా ఇళ్ళలో క్యాబేజీ ఊరగాయకని విడిగా ఉండే కిమ్చి ఫ్రిజ్‌లో కిమ్చి ఉండాలి. చోటు మిగిలితే ముల్లంగి పచ్చడో, ఉప్పులో ఊరిన రొయ్యలో ఉండొచ్చు. సెల్‌ఫోన్ బ్యాటరీకి అక్కడేం పని?

ఆ పొద్దున మీరాన్ చారులోకి పుల్లటి పాత కిమ్చి తీద్దామని ఫ్రిజ్ మూత ఎత్తింది. రెండు డబ్బాల సందులో ప్లాస్టిక్ కాగితం చుట్టిన చిన్న పొట్లం కనబడింది. ఎండుచేప ముక్కేమో అనుకుని విప్పింది. మూడు పొరలు విప్పాక నల్లగా, అగ్గిపెట్టెంత బ్యాటరీ బయటపడింది. పట్టుకుంటే వేళ్ళు జిల్లుమన్నాయి. అత్తగారు పిల్సున్ వాడే పాతకాలపు మడత ఫోనుది. ఆ ఇంట్లో మడత ఫోను వాడేది ఆవిడొక్కతే.

మీరాన్ బ్యాటరీని అటూ ఇటూ తిప్పి చూసింది. మొన్న టీవీలో డాక్టరు చెప్పిన మాట చెవిలో మోగింది. తాళాలు ఎక్కడో పెట్టి వెతుక్కోవడం మామూలేనట, ఫోను తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెడితే మాత్రం అనుమానించాలట. అదొక్కటేనా? ఈ చలికాలమంతా అత్తగారి తీరు అదోలా ఉంది. ఫోను చేస్తే రెండు మాటలు పూర్తి కానివ్వదు, టక్కున పెట్టేస్తుంది. ఒక్కోసారి అసలు ఆపేసే ఉంటుంది. ఎందుకత్తయ్యా అంటే, "మర్చిపోయాన్లే," అని అటు తిరిగిపోతుంది. డెబ్బై రెండేళ్ళ మనిషి మర్చిపోయానంటే ఎవరికైనా భయం వెయ్యదూ?

"ఏమండీ, ఒక్కసారి ఇలా రండి," అని గొంతు తగ్గించి పిలిచింది.

తేసిక్ పళ్ళు తోముకుంటూనే వచ్చాడు. పార్సెళ్ళ బండి నడిపే మనిషి, పొద్దున పూట ప్రతి నిమిషమూ లెక్కే. పెళ్ళాం చేతిలో ఉన్నది చూసి నురగ నోటితో అలాగే నిలబడిపోయాడు.

"ఇది... ఇందులో ఉందా?"

"రెండు డబ్బాల మధ్య. అచ్చం చేపని చుట్టినట్టు చుట్టి పెట్టింది."

"అమ్మ ఎక్కడ?"

"పెరట్లో. వెల్లుల్లి మడికి గడ్డి కప్పుతోంది."

తేసిక్ నోరు కడుక్కొచ్చి బల్ల దగ్గర కూలబడ్డాడు. "మా మేనత్తకి ఇలాగే మొదలైంది, తెలుసా? బియ్యం డబ్బాలో చెప్పులు పెట్టింది. అందరం నవ్వుకున్నాం. రెండేళ్ళు తిరక్కుండా మా నాన్నని ఎవరు నువ్వు అంది. ఇక అమ్మ గుల్లల కోసం ఆ సముద్రపు బురదలోకి వెళ్ళడానికి వీల్లేదు."

"తొందరపడకండి. ఓ వారం చూద్దాం. నేను మెల్లిగా కదిలించి చూస్తాను."

"సరే," అన్నాడు. అన్న మాట మీద నిలబడి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు.

మీరాన్ బ్యాటరీని మళ్ళీ మూడు పొరలూ చుట్టి ఉన్నచోటే పెట్టేసింది. కాసేపటికి పిల్సున్ లోపలికొచ్చి, కోడలు అటు తిరగ్గానే ఫ్రిజ్ మూత ఎత్తి, పొట్లం తీసి జేబులో వేసుకోవడం కిటికీ అద్దంలో కనబడింది. మరిచిపోయి పెట్టిన మనిషికి మళ్ళీ తీసుకోవడం ఎలా గుర్తుందన్న ఆలోచన మీరాన్‌కి రాలేదు. భయం పట్టుకున్న బుర్రకి అంత చిన్న లెక్క కూడా తట్టదు.

సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊరి ఆడవాళ్ళకి చలికాలమంటే తినే గుల్లలు ఏరే కాలం. ఆటుకి సముద్రం వెనక్కి వెళ్ళగానే కనుచూపుమేర బురదే. పొడుగాటి చెక్క పలక మీద ఒక మోకాలు ఆన్చి, రెండో కాలితో బురదని తన్నుకుంటూ జారుకుంటూ వెళ్ళాలి. గుల్లలు ఏరుకుని పోటు ముంచుకొచ్చేలోగా ఒడ్డున పడాలి. కిందటేడు మంచు కమ్మినప్పుడు ఒకామె దారి తప్పి, నడుంలోతు నీళ్ళలో దొరికింది. బతికింది, అదృష్టం. అప్పట్నుంచి గుల్లలేరే ఆడవాళ్ళ సంఘంలో కట్టుబాటు పెట్టుకున్నారు. పలక ఎక్కే ప్రతి మనిషి దగ్గరా ఫోను ఉండాలి. పోటు తిరిగే వేళకి సంఘం పెద్ద ఒక్‌బున్ కరకట్ట మీంచి ఒక్కొక్కరికీ ఫోను చేస్తుంది. ఒకసారి ఎత్తకపోతే చీవాట్లు. రెండోసారీ ఎత్తకపోతే ఆ ఏటికి పేరు కొట్టేస్తారు. డెబ్బై దాటినవాళ్ళ పేరు ఒకసారి కొట్టేశాక మళ్ళీ రాసిన దాఖలా లేదు.

ఇదంతా మీరాన్‌కి తెలుసు. అత్తగారికి డిసెంబరులోనే మొదటి చీవాట్లు పడ్డాయన్నది మాత్రం తెలీదు.

సాయంత్రం ఆమె చేపల శీతల గిడ్డంగిలో పని ముగించుకుని వచ్చేసరికి పిల్సున్ వసారాలో చెక్క అరుగు మీద కూర్చుని ఉంది. ఛాతీ దాకా వచ్చే రబ్బరు బట్టలు ఇంకా ఒంటి మీదే ఉన్నాయి. వాటి మీద ఒక్క బురద చుక్క లేదు.

"అదేంటత్తయ్యా, ఇంకా బట్టలు మార్చుకోలేదు?"

"బురద అంటితేగా మార్చుకోడానికి."

ఆ గొంతు విని మీరాన్ చేతిసంచీ కింద పెట్టేసింది. "ఏమైంది?"

"నీ మొగుడు ఒక్‌బున్‌కి ఫోను చేశాడట. మా అమ్మకి మతి సరిగా లేదు, పలక ఎక్కనివ్వకండీ అని. ఇరవైమంది ముందు నన్ను ఆపి, అక్కా ఇవాళ ఏ వారమో చెప్పు అనడిగింది! ఎవరు? నా వెనక తిరిగి పలక తన్నడం నేర్చుకున్న పిల్ల! నడుం నొప్పా అనో, జలుబు చేసిందా అనో అడిగినా బాగుండేది. ఏ వారమట!"

మీరాన్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ మాట మొగుడి చెవిన వేసింది తనే కదా. అంతలో పార్సెళ్ళ బండి వాకిట్లో ఆగింది. తేసిక్ దిగి, తల్లిని చూసి, చెప్పులు విప్పడానికి మామూలుకన్నా ఎక్కువసేపు తీసుకున్నాడు.

"రారా నాయనా. పిచ్చి తల్లి దగ్గర కూర్చో."

"అమ్మా, నీ మంచికే..."

"నా మంచి ఒక్‌బున్‌కి ఎందుకు చెప్పావురా? నాకు చెప్తే నోరు అరిగిపోతుందా?"

"రేపు పదింటికి ఆస్పత్రిలో పరీక్షకి పేరు రాయించాను. భయపడేదేం లేదు. చిన్న చిన్న ప్రశ్నలడుగుతారు. వందలోంచి ఏడు తీసేస్తే ఎంత, అందులోంచి మళ్ళీ ఏడు తీస్తే ఎంత, అలాంటివి."

పిల్సున్ కొడుకు కళ్ళలోకి సూటిగా చూసింది.

"తొంభై మూడు," అంది. "ఎనభై ఆరు. డెబ్బై తొమ్మిది. డెబ్బై రెండు, అది నా వయసు, రాసుకో. అరవై ఐదు. యాభై ఎనిమిది. యాభై ఒకటి. నలభై నాలుగు. ముప్ఫై ఏడు. ముప్ఫై. ఇరవై మూడు. పదహారు. తొమ్మిది. రెండు. ఆ మిగిలిన రెండూ నువ్వూ నీ పెళ్ళాం చెరొకటి పంచుకోండి!"

మీరాన్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. తేసిక్ మొహం మాత్రం కందగడ్డయింది.

"మరి అంత తెలివైనదానివి, బ్యాటరీ కిమ్చి ఫ్రిజ్‌లో ఎందుకు పెట్టావ్?"

 పిల్సున్ రబ్బరు బట్టల మడత సర్దుకుంది, మళ్ళీ సర్దుకుంది. దొరికిపోయిన చిన్నపిల్లలా ఉంది ఆవిడ వాలకం.

"చల్లగా ఉంటే నిలవుంటుందని," అంది చివరికి.

"ఏంటి?"

"చెవుడా నీకు? బ్యాటరీ నిలవుంటుందని! డిసెంబరులో ఒక్‌బున్ ఫోను చేసేసరికి నాది చచ్చి ఉంది. పొద్దున నిండా ఛార్జింగ్ పెట్టుకునే వెళ్ళా. మధ్యాహ్నానికి ఖాళీ. ఇంకొక్కసారి అట్లా జరిగితే నా పేరు పోతుంది. షాపాయన్ని అడిగితే ఈ బ్యాటరీలు ఇప్పుడు తయారు కావట్లేదన్నాడు. సంఘం మహిళల గదిలో అడిగితే తలా ఒక మాట. వాడనప్పుడు ఆపి పెట్టుకో అంది ఒకతె, అందుకే ఆపేసేదాన్ని. మాటలు తగ్గించు అంది ఇంకొకతె, అందుకే టక్కున పెట్టేసేదాన్ని. ఎదురింటావిడేమో చల్లటిచోట పెడితే ఏళ్ళు నిలుస్తుందంది. నిజమే కాబోలనుకున్నా. నవంబరులో పెట్టిన కిమ్చి మళ్ళీ నవంబరు దాకా ఉండట్లా?"

"కొత్త ఫోను కొనిస్తానని ఎన్నిసార్లు అన్నాను అత్తయ్యా!" మీరాన్ ఉండబట్టలేక అనేసింది.

"అద్దం ఫోనేగా నువ్వు కొనేది? చేతికి రబ్బరు తొడుగు, దాని మీద పేరుకున్న బురద. ఆ అద్దాన్ని ఎన్నిసార్లు రాస్తే పలుకుతుందే తల్లీ? దీన్నయితే గడ్డంతో తెరుస్తా. తెరిస్తే చాలు, అవతలి మనిషి మాట వినబడుతుంది."

ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదిహేనేళ్ళు. అత్తగారు ఫోను గడ్డంతో తెరుస్తుందని మీరాన్‌కి ఈరోజే తెలిసింది. పాతదాన్ని పట్టుకు వేలాడే మొండితనం అనుకుందే తప్ప, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. సిగ్గేసింది.

"ఇదంతా మాకు ముందే చెప్పొచ్చుగా," అన్నాడు తేసిక్.

"చెప్తే ఏం చేసేవాడివి?"

అతను నేల చూపులు చూశాడు.

"ఇవాళ చేసిందే చేసేవాడివి. నాకు తెలీదూ?"

"ఎందుకు చెయ్యనమ్మా?" అన్నాడు తేసిక్. "కిందటేడు ఆవిడ తప్పిపోయినప్పుడు కట్ట మీద నేనూ ఉన్నా. అందరం అరుస్తున్నాం. మంచులోంచి ఒక్క బదులు లేదు. ఎవరు తప్పిపోయారో మొదటి పావుగంట మాకెవరికీ తెలీదు. ఆ పావుగంటా నువ్వే అనుకున్నా. అది నాకు ఇప్పటికీ కల్లోకొస్తుంది. నీకేం, నువ్వు హాయిగా పలకేసుకుని వెళ్తావు."

 కొడుకు ఈ మాట ఏడాదిగా కడుపులో పెట్టుకు తిరుగుతున్నాడని పిల్సున్‌కీ తెలీదు. ఈసారి మెత్తగానే అంది. "నా కాళ్ళ సంగతి నాకు తెలుస్తుందిరా. ఆపాల్సిన రోజున నేనే చెప్తాను. నా వెనక మీరు వెళ్ళి ఊరికి చెప్పకండి, అంతే."

"మీరు చెప్పరత్తయ్యా," అంది మీరాన్ నెమ్మదిగా. "ఫోను చచ్చిందన్న చిన్నమాటే దాచారు. మోకాలు నొప్పంటే చెప్తారా?"

 పిల్సున్ పైకి ఒప్పుకోలేదు కానీ, మొహం తిప్పుకుంది.

మీరాన్ ఆ పక్కనే కూర్చుండిపోయింది. చల్లగా ఉంటే నిలవుంటుందన్న మాట బుర్రలో ఎక్కడో గుచ్చుకుంటోంది. ఉన్నట్టుండి తొడ మీద చరుచుకుంది.

"అయ్యో నా మతి మండా! అత్తయ్యా, ఆ ఫోను చచ్చాక ఇంటికి తెచ్చి చూస్తే మళ్ళీ వెలిగేదా?"

పిల్సున్ ఉలిక్కిపడి చూసింది. "నీకెలా తెలుసు? వంటింట్లో పెట్టి కాసేపాగి తెరిస్తే మళ్ళీ రెండు గీతలు చూపించేది. చచ్చిందని నా కళ్ళతో చూశా, మళ్ళీ బతికింది! ఇది ఫోను తప్పా, నా బుర్ర తప్పా అని..." ఆవిడ గొంతు తగ్గిపోయింది. "నాకే మతి పోతోందేమోనని రాత్రుళ్ళు నిద్రపట్టేది కాదు. అది మీకెలా చెప్పను?"

తేసిక్ తలెత్తి తల్లిని చూశాడు. మీరాన్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఐసుముక్కలా ఉంది.

"మతి పోయింది మీకు కాదు, నాకు. తొమ్మిదేళ్ళుగా చలి గిడ్డంగిలో పని చేస్తున్నా. పెట్టెల మీద బార్‌కోడ్ గీతలు చదివే మిషన్లుంటాయి మా దగ్గర. నిండా ఛార్జింగ్ పెట్టి లోపలికి తీసుకెళ్తే అరగంటలో ఆగిపోతాయి. బయటికి తెస్తే మళ్ళీ లేస్తాయి. చలికి బ్యాటరీ మొద్దుబారిపోతుందత్తయ్యా, లోపల సరుకున్నా ఇవ్వలేదు. అందుకే మేమంతా అదనపు బ్యాటరీలు కోటు లోపల, పొట్టకి ఆనించి పెట్టుకుంటాం. మీరేమో రాత్రంతా దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున తీసి... ఎక్కడ పెట్టుకెళ్తారు?"

"పలక కొమ్ముకి కట్టిన సంచిలో."

"జనవరి గాలికి ఎదురుగా! ఎంత చల్లబెడితే అంత త్వరగా చచ్చేది. అది త్వరగా చచ్చిందని మీరు ఇంకా చల్లబెట్టేవారు."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది పిల్సునే. "చూస్తూ చూస్తూ నా చేత్తోనే దాని గొంతు పిసికానన్నమాట," అంది. తర్వాత ఆ నవ్వు ఆగక కళ్ళనీళ్ళు తిరిగాయి. వాటిని రబ్బరు బట్టల అంచుతో తుడుచుకోబోతే కుదరలేదు. కోడలే తన మఫ్లరు కొసతో తుడిచింది.

అన్నం తిన్నాక మీరాన్ కుట్టుపెట్టె తీసింది. అత్తగారు రబ్బరు బట్టల లోపల వేసుకునే దూది జాకెట్టుకి పొట్ట దగ్గర జేబు కుట్టింది. ఫోను అడ్డంగా జారకుండా గుండీ, నీళ్ళు తగలకుండా దళసరి ప్లాస్టిక్ సంచి, మెడలోకి తాడు. తాడు లాగితే ఫోను గడ్డం దాకా రావాలి. ఆ కొలత కోసం పిల్సున్‌ని నాలుగుసార్లు నిలబెట్టింది.

"ఇంక ఫోను మాటిమాటికీ ఆపి మళ్ళీ ఆన్ చెయ్యకండి. లేచిన ప్రతిసారీ ఇంకాస్త తాగేస్తుంది. తెర వెలుగు తగ్గించేశాను. పూర్తిగా చచ్చేదాకా కూడా ఆగక్కర్లేదు, కాస్త తగ్గగానే ఛార్జింగ్ పెట్టుకోండి, నిండగానే తీసేయండి. పొయ్యి పక్కనా వద్దు, మరీ వేడి కూడా దానికి చేటే. మీ ఒంటి వెచ్చదనం చాలు."

"ముసలిదాన్ని, నాకే వెచ్చదనం చాలట్లేదు, దానికేం పంచుతా?" అని సణిగింది పిల్సున్. చెప్పినవన్నీ మాత్రం బుద్ధిగా విన్నది.

తేసిక్ ఆస్పత్రిలో రాయించిన పేరు కొట్టేయించలేదు. పిల్సునే వద్దంది. "వెళ్దాం. ఆ డాక్టరు కూడా వినాలిగా నా లెక్కలు," అంది. వెళ్ళారు, ఏ లోపం లేదన్నారు. తర్వాత మూడు రోజులు పెరట్లో, చలిగాలిలో, పొద్దున్నుంచి రెండింటిదాకా జేబులో ఫోనుతో ఆవిడ పని చేసుకుంది. తేసిక్ బండి ఎక్కడ ఆగితే అక్కణ్ణించి ఫోను చేశాడు. మూడో రోజున, "ఇంకోసారి చేశావంటే నిజంగానే ఎత్తను," అని తిట్టించుకున్నాడు. బ్యాటరీలో అప్పటికింకా సగం పైనే ఉంది.

నాలుగో రోజు చేయాల్సిన పని అతనొక్కడే చేయాలి. మహిళల గదికి వెళ్ళాడు. వెచ్చటి నేల మీద చుట్టూ కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న ఆడవాళ్ళు ఒలవడం ఆపేశారు.

"మా అమ్మకి మతి సరిగానే ఉంది," అన్నాడు నిలబడే. "సరిగా లేనిది నాకు. తనని అడక్కుండా మీకు ఫోను చేశాను. మీ అందరి ముందు తన పరువు తీశాను, అందుకే మీ అందరి ముందే చెప్తున్నా. తప్పు నాది." వంగి దణ్ణం పెట్టాడు. నడుం చాలాసేపు ఎత్తలేదు.

ఒక్‌బున్ గొంతు సవరించుకుంది. "ఏ వారమని అడిగి నేనూ తప్పు చేశాన్లే," అంది. "కానీ బాబూ, కట్టుబాటు కట్టుబాటే. ఫోను ఇంకొక్కసారి ఎత్తకపోతే నేనేం చెయ్యలేను."

"తెలుసు. రాసుకోండి."

శనివారం ఆటు పెద్దది. మీరాన్‌కి సెలవు. ఆ పూట తేసిక్ కూడా బండి తీయలేదు. ఇద్దరూ కరకట్ట మీద ఒక్‌బున్ వెనకాల నిలబడ్డారు. దూరంగా బురద మీద ఆడవాళ్ళు నల్లటి చుక్కల్లా ఉన్నారు. చెవులు తెగిపోయేంత గాలి. రెండు కాగానే ఒక్‌బున్ కాగితం మడత విప్పి, స్పీకరు పెట్టి ఫోను చేయడం మొదలెట్టింది. ఒక్కో పేరుకీ ఒక గీత. పిల్సున్ పేరు పంతొమ్మిదోది, ఆఖరిది.

మోగింది. రెండు, మూడు, నాలుగు. తేసిక్ పెళ్ళాం మోచేతిని పట్టుకున్నాడు. ఐదు. ఆరు. ఒక్‌బున్ వాళ్ళవైపు చూడకుండా సముద్రం వైపే చూస్తోంది. మీరాన్ తను కుట్టిన ప్రతి కుట్టునీ మనసులో తడుముకుంది. తాడు పొట్టిదైందా, గుండీ పట్టేసిందా?

"ఆఁ, చెప్పు!" పిల్సున్ గొంతు, పక్కన గాలి హోరు.

"అక్కా, ఎక్కడున్నావ్?"

"దారికి పాతిన జెండాల్లో రెండోది దాటా. వస్తున్నా. మా వాడు అక్కడే ఉన్నాడు కదూ? ఓసారి వాడికియ్యి."

ఒక్‌బున్ గీత గీసి ఫోను అందించింది. తేసిక్ రెండు చేతులతో తీసుకున్నాడు.

"అమ్మా?"

అవతల కాసేపు ఆయాసమే వినబడింది.

"ఒరే... కుడి మోకాలు పట్టేసింది. భయపడకు, నేను వచ్చేస్తా. రెండు బస్తాలూ మాత్రం లాగలేకపోతున్నా." మళ్ళీ ఆగింది. "రేవు కింద దాకా వచ్చి తాడు అందుకుంటావా?"

పలక ఎక్కిన నలభై ఏళ్ళలో ఆవిడ ఎవరినీ ఈ మాట అడగలేదు.  "వస్తున్నానమ్మా," అన్నాడు తేసిక్. ఫోను మీరాన్ చేతిలో పెట్టి రేవు మెట్లు దిగి పరిగెత్తాడు. రబ్బరు బూట్లు లేవు, రబ్బరు బట్టలు లేవు. ఆఖరి మెట్టు దాటి నాలుగడుగులు వెయ్యగానే మోకాళ్ళ దాకా దిగబడ్డాడు. ఒడ్డుకి చేరిన ఆడవాళ్ళు ఒకటే నవ్వు.

"నిన్ను లాగడానికి ఇంకో మనిషి కావాలి రా, వెధవాయ్!" దూరం నుంచే కేకేసింది పిల్సున్. ఆవిడ పలక మెల్లమెల్లగా కొడుకు దగ్గరికి జారుకుంటూ వచ్చింది. బుగ్గలు కమిలి ఉన్నాయి. మోకాలు కదిపినప్పుడల్లా పెదవి బిగబడుతోంది. ఆవిడ దాన్ని దాచుకోలేదు.

బస్తాలకి కట్టిన తాడు కొస విప్పి అతని చేతిలో పెట్టింది. అతను తాడుతోపాటు ఆ చేతినీ పట్టుకున్నాడు.

"మెల్లిగా లాగు," అంది పిల్సున్. "వచ్చే చలికాలం సంగతి ఇంటికెళ్ళాక ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం."

కట్ట మీద మీరాన్ చేతిలోని ఒక్‌బున్ ఫోనులో లైను ఇంకా తెగలేదు. ఆ మాట ఆమె చెవిన కూడా పడింది. కళ్ళు తుడుచుకుని, బూట్లు విప్పి పక్కన పెట్టి, ఆమె కూడా మెట్లు దిగింది.